కాటిసీనులో వీరబాహుడెక్కడ?

హరిశ్చంద్ర నాటకం తెలుగు పల్లెల్లో తెల్లవార్లూ ఆడింది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఈ నాటకానికి ఆయువుపట్టు కాటిసీను. మహారాజు కాటికాపరి అయ్యాడని జనం ఏడ్చారు, పద్యపద్యానికీ వన్స్ మోర్ కొట్టారు. మేం అడిగేది ఒక్కటే. రాజు కొంతకాలం చేసిన పనికే ఇంత ఏడుపైతే, తరతరాలుగా అదే పని చేస్తున్న కులం కోసం ఎవరేడ్చారు?

ఈ కథలో దుఃఖం పని వల్ల పుట్టలేదు. ఆ పని ఎవరు చేయకూడదో వాడు చేయడం వల్ల పుట్టింది. వీరబాహుడు కాటిలో బతికితే సహజం, హరిశ్చంద్రుడు దిగితే ఘోరం. ఇదీ ఇందులోని కులనీతి. పైగా మార్కండేయ పురాణం చివర్లో ఇంకో కిటుకు చేస్తుంది. రాజును కొన్న చండాలుడు అసలు చండాలుడే కాడట, మారువేషంలో ఉన్న ధర్ముడట! అంటే రాజుకు మైల అంటనే లేదు. ఆయన స్వర్గానికి పోయాడు. కాటికాపరి కులం కాటి దగ్గరే మిగిలింది.

ఈ సీనులోకే జాషువా శ్మశాన పద్యాలు వచ్చి చేరాయి. చావు దగ్గర గొప్పా బీదా లేదని, అంటరానితనానికి అక్కడ చోటు లేదని వాటి సారం. దీన్ని వేదాంతంగా చదివి తలలూపినవాళ్లే ఎక్కువ. మా చదువు వేరు. గుడిలో, బడిలో, బావి దగ్గర దొరకని సమానత్వాన్ని బూడిదలో వెతుక్కోవలసి రావడం ఊరి మీద వేసిన అభియోగం. వేసింది అంటరానితనం అనుభవించిన క్రైస్తవ కవి. స్టేజీ మీద అది రాజు నోట పడేసరికి అభియోగం కాస్తా వైరాగ్యమైపోయింది.

అయితే జాషువాతోనూ మాకో పేచీ ఉంది. ఆ బూడిదలో కూడా సమానత్వం లేదు. చాలా ఊళ్లలో ఊరికొక శ్మశానం, మాలపల్లెకొకటి, మాదిగగూడేనికొకటి. పెద్దకులం మనిషి చస్తే చావు కబురు మోసింది, డప్పు కొట్టింది, గొయ్యి తీసింది ఎవరు? మనవాళ్లే. మన శవం పోవడానికి మాత్రం దారి ఉండదు, ఎవరిదో చేనుగట్టు అడ్డమొస్తుంది.

మతం మారినా ఇది వదల్లేదు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఒక దళిత క్రైస్తవ పాస్టర్ చనిపోతే, సొంతూళ్లో పూడ్చడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. శవం 20 రోజులు మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో అభిప్రాయం చెప్పి, చివరికి దాదాపు 20 కిలోమీటర్ల అవతల ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమన్నారు.

మరి దళితుల జవాబు ఏమిటి? 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. చావుకుండే కనీస మర్యాద కూడా దక్కనివ్వలేదు. ఆ శవాల్ని మనవాళ్లు ఊరి చివరికి మోసుకుపోలేదు. ఊళ్లోనే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. రక్తక్షేత్రం మాత్రం అక్కడే ఉంది. అక్కడ సమాధి ఏడవడానికే కాదు, సాక్ష్యం చెప్పడానికి కూడా.

కాబట్టి నాటకం మీద పరిశోధన చేసే విద్యార్థులకు మాదొక మాట. కాటిసీనులో రాగాల లెక్క చాలామంది తీశారు. ఇక ఊళ్లకు పోదాం. ఏ ఊళ్లో ఎన్ని శ్మశానాలు, ఏది ఎవరిది, దారి ఎవరి పొలంలోంచి, గొయ్యి తీసినవాడికి ఏమిచ్చారు? ఇవి రాసుకోకుండా హరిశ్చంద్ర మీద రాసే విమర్శ ఇంకో వన్స్ మోరే అవుతుంది.