గోడమీంచి కాయితం మీదికి

పొద్దున్నే వాకిట్లో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టి, దాని కింద సంతకం చేసిన ఇల్లాల్ని ఎక్కడైనా చూశారా? బీహారులోని మిథిలలోనూ అంతే. పెళ్ళి కుదిరిందంటే అక్కడి ఆడవాళ్ళు శోభనం గది గోడలనిండా తామరలూ, వెదుళ్ళూ, చేపలూ, చిలకలూ వేస్తారు. కొన్నాళ్ళకి అవి మాసిపోతాయి. వేసినావిడ పేరు ఎవరికీ పట్టదు.

1966-67లో బీహారంతా కరువు. అప్పుడు పుపుల్ జయకర్ పంపగా బొంబాయి చిత్రకారుడు భాస్కర్ కులకర్ణి మధుబని వైపు వెళ్ళారు. జిత్వార్‌పూర్ లాంటి ఊళ్ళలో ఆడవాళ్ళకి కాయితాలిచ్చి, గోడమీద వేసేదే వీటిమీద వెయ్యమన్నారు. బొమ్మలు వెయ్యడం నేర్పలేదు. నేర్పవలసిన అవసరం లేదని గ్రహించారు చూడండి, నాకు ఆయన గొప్పతనమంతా అక్కడే కనిపిస్తుంది. ఊరిని ఉద్ధరిస్తామని వెళ్ళి, గోడలకి తమ బొమ్మలు పులిమి, ఫొటోలు తీయించుకుని వచ్చేసేవాళ్ళు మనకేం తక్కువా?

పవిత్రమైన కళ కాస్తా అంగడి సరుకైపోయిందని వాపోయే విమర్శకులున్నారు. అడిగిన దేవుణ్ణే అచ్చుగుద్దినట్టు వేసి అమ్మడం ఉన్నమాటే. కానీ గంగాదేవి బొమ్మలు చూశాక ఆ మాట పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. 1984లో పద్మశ్రీ అందుకున్న ఈవిడ, మరుసటేడు అమెరికా వెళ్ళొచ్చి అక్కడి రోలర్ కోస్టర్ని తన సన్నని గీతల్లోకి దింపేసింది. తనకి కాన్సరొస్తే ఆ జబ్బునీ, ఆస్పత్రినీ కూడా బొమ్మలు వేసింది. శోభనం గది గోడమీద శుభానికే గానీ బాధకి చోటెక్కడిది? ఆ చోటు కాయితం ఇచ్చింది.

అయితే మొదట్లో కాయితం అందుకున్నవాళ్ళు ఎక్కువగా బ్రాహ్మణ, కాయస్థ ఇళ్ళ ఆడవాళ్ళే. తర్వాత దుసాధ్ కులపు స్త్రీలు తమ పచ్చబొట్ల గీతల్ని కాయితం మీదికి తెచ్చుకున్నారు. బెస్తవారింట పుట్టిన దులారీదేవి మహాసుందరీదేవి, కర్పూరీదేవి ఇళ్ళల్లో పాచిపని చేస్తూ, వాళ్ళ దగ్గరే ఈ విద్య నేర్చుకుంది. 2021లో ఆవిడకీ పద్మశ్రీ వచ్చింది. మొదటి కాయితానికీ దీనికీ మధ్య యాభై ఏళ్ళు దాటాయి!

అంట్లు తోమే చేతికి కుంచె అందించడానికి ఈసారి బొంబాయినుంచి ఎవరూ రాలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళే అందించారు. ఊరు మారిందని నేననేది అందుకే.