శునకంలోని ఆత్మ

సూరతు నగరానికి నైరుతి దిక్కున, తాపీనది అరేబియా సముద్రంలో కలిసే చోటికి చేరువగా డుమస్ అనే తీరప్రాంతం ఉన్నది. అక్కడి ఇసుక నల్లనిది. ఆ తీరం ఒకప్పుడు హిందువుల శ్మశానవాటిక అని ప్రతీతి. రాత్రివేళ అక్కడి కుక్కలు మన కంటికి కనిపించని దేనినో చూచి మొరుగుతవనీ, అవి చూచేది శాంతి లేక తిరుగాడే మనుష్యుల ఆత్మలనేననీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ నిజమా, కాదా అని పరీక్షించుట ఈ వ్యాసానికి ప్రయోజనం కాదు. దానిని ఒక సాహిత్యఖండం వలె చదువుటయే ఇక్కడి ఉద్దేశం.

ఈ కథకు పూర్వవంశం గొప్పది. యముని రెండు శునకాలు పరలోకమార్గాన్ని కాపాడుతవని ఋగ్వేదమే చెప్పినది. మృత్యువు గడపలో కుక్కను కావలి నిలుపుట మన కల్పనకు అంత ప్రాచీనమైన అలవాటు. కాని డుమస్ కథలో పాఠకుడు గమనించవలసిన విశేషం ఒకటున్నది. మనిషికి దేహం పోయిన తరువాత కూడా నిలిచే ఆత్మ ఉన్నది. దానిని చూడగల కన్ను కుక్కకున్నది. అయితే ఆ కుక్కకు కూడా ఆత్మ ఉన్నదా, అది చచ్చిన తరువాత ఏమగును అని కథ అడుగదు. ఇతరుల ఆత్మకు సాక్షిగా నిలిచిన ప్రాణి తన ఆత్మ మాట వచ్చేసరికి ఎవరికీ పట్టనిదైనది. ఈ మరపు ఒక్క డుమస్‌కే పరిమితమైనదా, లేక మన వాఙ్మయంలో మరింత లోతుగా ఉన్నదా అన్నదే విచారించవలసిన ప్రశ్న.

పాశ్చాత్యులలో ఈ వివాదం వేరు విధంగా పుట్టినది. పశువుకు ఇంద్రియజ్ఞానానికి సరిపడిన ఆత్మ ఉన్నదనీ, అది దేహంతోపాటే నశించుననీ 13వ శతాబ్దిలో తామస్ అక్వైనస్ చెప్పినాడు. 17వ శతాబ్దిలో డెకార్ట్ పశుదేహాన్ని యంత్రంతో పోల్చినాడు. ఆత్మను అంగీకరించిన హిందూదర్శనాలలో ఇట్టి సందేహానికి తావు లేదు. చీమ మొదలు ఏనుగు వరకు ప్రాణమున్న ప్రతి దేహంలోను జీవుడున్నాడు. విద్యావంతుడైన బ్రాహ్మణునియందు, గోవునందు, ఏనుగునందు, కుక్కయందు, కుక్కమాంసం తినువానియందు పండితుడు ఒకే సమత్వాన్ని చూచునని భగవద్గీత ఐదవ అధ్యాయం బోధించినది. శంకరాచార్యులు బ్రహ్మసూత్రభాష్యం ఆరంభంలోనే మనిషిని పశువు ప్రక్కన నిలిపినారు. ఎత్తిన కఱ్ఱను చూచి పశువు పారిపోవును, చేతిలో పచ్చగడ్డి చూచి దగ్గరకు వచ్చును. కత్తి చూచి వెనుకంజ వేసే విద్వాంసుని వ్యవహారం దీనికంటె భిన్నం కాదని వారి వాదం.

మరి భేదం ఎక్కడ? అధికారంలో. శాస్త్రం మనిషిని ఉద్దేశించి చెప్పబడినదనీ, పశువుది కర్మఫలాన్ని అనుభవించే భోగయోని మాత్రమేననీ సంప్రదాయం. అందుచేత పశువు తన దేహంతో సాధన చేయలేదు. మరల మనుష్యజన్మ కోసం వేచి ఉండవలెను. దీనికి తోడు, చెడునడత కలవారు కుక్కగానో పందిగానో పుట్టుదురని ఛాందోగ్యోపనిషత్తు హెచ్చరించినది. ఆ హెచ్చరిక మనుష్యునికోసం. కాని దాని వలన ఒక విచిత్రం జరిగినది. కుక్కలో ఆత్మ ఉన్నదని ఒప్పుకొనుటయు, కుక్కదేహం ఒక శిక్ష అని నిందించుటయు ఒకే వాక్యంలో ఇమిడిపోయినవి. కుక్కను చూచినప్పుడు అందులో పతనమైన మనిషిని చూచే అలవాటు అక్కడనే మొలకెత్తినది.

ఈ అలవాటును విదేశీయులు కూడా మననుండి నేర్చినారు. డుమస్‌కు కొద్ది క్రోసుల దూరంలోనే, సూరతులో, వణిజులు నడిపిన జంతువైద్యశాల ఒకటి యూరపియన్ యాత్రికులను ఆశ్చర్యపరచినది. 1689లో సూరతుకు బయలుదేరిన ఓవింగ్టన్ అనే మతాచార్యుడు దానిని వర్ణించినాడు. 1772లో అక్కడ గుఱ్ఱాలు, ఎడ్లు, మేకలు, కోతులు, పక్షులతో పాటు 75 ఏండ్లుగా ఉన్న ఒక ముసలి తాబేలు కూడా ఉండెనని 1820లో వాల్టర్ హామిల్టన్ వ్రాసినాడు. అలెగ్జాండర్ బర్న్స్ తాను చూచిన ఆ వైద్యశాలను గురించి వ్రాసిన లేఖ 1834లో లండను రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇట్టి వైద్యశాలలకు యాత్రికులు సాధారణంగా చెప్పిన కారణం పునర్జన్మవిశ్వాసం: ఏ జంతుదేహంలో ఏ తాతముత్తాత ఉన్నాడో అన్న భయం. ఆ భయం కొందరిలో ఉండినను ఉండవచ్చును. కాని జైనులకును వైష్ణవులకును సమానమైన ఆ కరుణకు ఈ వివరణ చాలదు. కాలు విరిగిన ఎద్దును లోపలికి తెచ్చినవాడు దాని పూర్వజన్మ నడుగలేదు. విరిగిన కాలును మాత్రమే చూచినాడు.

అయితే ఆ వైద్యశాల చరిత్రలో మరొక పుట ఉన్నది. నల్లులకు, పేలకు ఆహారం దొరుకుటకై ఒక బీదవానికి కూలి ఇచ్చి ఒక రాత్రి వాటి నడుమ పడుకొనబెట్టెడివారని ఓవింగ్టన్ మొదలైనవారు వ్రాసినారు. యాత్రికులకు ఇది వింత. మనకు ఇది నవ్వి విడువదగిన విషయం కాదు. ఆత్మ సర్వత్ర సమానమైనచో కూలికి పడుకొన్న ఆ బీదవాని ఆత్మను లెక్కించినవా రెవరు? సమత్వం ఒక సిద్ధాంతంగా నిలిచిపోయి, ఎదుటి ప్రాణి బాధను చూచే చూపు లోపించినప్పుడు దయ కూడా క్రూరమగును. ఆచారం తీర్చలేకపోయిన ఈ చిక్కును కవులు ఎట్లు ఎదుర్కొన్నారో చూడవలెను.

మహాభారతం మొదటను చివరను శునకాలున్నవి. జనమేజయుని తమ్ములు సత్రయాగస్థలంలో ఒక కుక్కపిల్లను నిష్కారణంగా కొట్టినారు. దాని తల్లి సరమ జనమేజయుని యొద్దకు వచ్చి న్యాయం అడిగి, జవాబు రాకపోగా శపించినది. తెలుగులో నన్నయగారు ఈ ఘట్టాన్ని నడిపిన తీరు పాఠకులకు పరిచితమే. సరమ దేవశుని, కాని ఇక్కడ ఆమె మాట్లాడేది దేవతగా కాదు, బిడ్డకు దెబ్బ తగిలిన తల్లిగా. చివర మహాప్రస్థానంలో ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కుటకు నిరాకరించినాడు. ఇంతకంటె ఉదాత్తమైన నిరాకరణ మన వాఙ్మయంలో అరుదు. కాని తరువాతి క్షణంలో కవి ఏమి చేసినాడు? కుక్కను మాయం చేసి దాని స్థానంలో యమధర్మరాజును నిలిపినాడు. పరీక్ష ముగిసినది, ధర్మరాజు గెలిచినాడు, కుక్కకు స్వర్గద్వారం తెరచుకొనునా అన్న ప్రశ్న మాత్రం జవాబు లేకుండ పోయినది. ఆదిపర్వంలోని దెబ్బ తిన్న కుక్కపిల్ల నిజమైన కుక్క. మహాప్రస్థానంలోనిది వేషం.

భాగవతం పంచమస్కంధంలోని భరతుని కథ ఇంకను సూక్ష్మమైనది. సింహగర్జనకు బెదరి నది దాటబోయిన లేడి ప్రసవించి మరణించగా, నీటిలో కొట్టుకొనిపోతున్న పిల్లను భరతుడు రక్షించి పెంచినాడు. దానిమీది మమకారంతోనే ప్రాణం విడిచి లేడియై పుట్టినాడు. పెంపుడు జంతువుమీది ప్రేమ బంధమే అని ఈ కథ చేసే హెచ్చరికను తేలికగా తీసివేయరాదు. మన ప్రేమలో చాలాభాగం జంతువు కోసం కాదు, మన ఒంటరితనం కోసం. కాని ఇదే కథలో, భరతుని మరణశయ్య ప్రక్కన ఆ లేడిపిల్ల కన్నకొడుకువలె దుఃఖిస్తూ నిలిచినదని మూలం ఒక్క మాట చెప్పినది. ఆ తరువాత ఆ లేడి ఏమైనదో తెలియదు. భరతుని మూడు జన్మలు పురాణం వివరించినది. దుఃఖించిన లేడిపిల్లకు ఒక్క వాక్యమే దక్కినది.

గజేంద్రుని విషయం చూడుడు. అతడు పూర్వం ఇంద్రద్యుమ్నుడనే రాజనీ, అగస్త్యుని శాపంచేత ఏనుగైనాడనీ పురాణం చివర వివరించినది. మోక్షానికి అర్హత చూపుటకు మనుష్యుని జాతకం కావలసి వచ్చినది! కాని తెలుగు పాఠకుని మనసులో నిలిచినది ఇంద్రద్యుమ్నుడు కాదు. పోతనగారి ఏనుగు మడుగులో బలం నశించి, పిలిచిన దేవుడు ఉన్నాడో లేడో అని సందేహించినది, సందేహించియు పిలిచినది. ఆ సందేహం వినిన వానికి ఈ ప్రాణిలో ఆత్మ ఉన్నదని వేరుగ నిరూపించవలసిన పని లేదు, పూర్వజన్మవృత్తాంతం అక్కరలేదు. శ్రీకాళహస్తి క్షేత్రనామమే సాలెపురుగును, పామును, ఏనుగును స్మరించునది. అచ్చటి స్థలకథ యేమైనను, భక్తుడు మ్రొక్కేది సాలెపురుగుకే, సాలెపురుగు వేషంలోని మరొకనికి కాదు.

వంగభాషలో కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్యచరితామృతంలో ఒక కుక్క ఉన్నది. శివానందసేనుని యాత్రిక బృందం వెంట అది పూరీకి బయలుదేరినది. పడవవాడు ఎక్కించుకొననన్నప్పుడు శివానందుడు అదనపు రుసుము ఇచ్చినాడు. ఒకరాత్రి సేవకుడు దానికి అన్నం పెట్టుట మరచెను, కుక్క కనిపించలేదు, శివానందుడు ఆ రాత్రి ఉపవసించినాడు. పూరీలో అది చైతన్యుని యెదుట కూర్చొని, ఆయన వేసిన కొబ్బరి తింటూ కృష్ణనామం పలుకుతున్నట్లు అందరు చూచినారు. తరువాత అది వైకుంఠం చేరినదని గ్రంథం. దీనికి పూర్వజన్మకథ లేదు, శాపం లేదు, నడుమ మనుష్యజన్మ కూడా లేదు. మహాప్రస్థానం మూసిన ద్వారాన్ని ఈ వైష్ణవకవి తెరచినాడు. అంతేకాదు, కుక్క పస్తున్నందుకు మనిషి పస్తుండుట అనే చిన్న సంగతిని మరువలేదు. వైకుంఠంకంటె ఆ ఉపవాసమే నాకు గొప్పగా తోచుచున్నది.

మరల గుజరాతుకు వత్తము. 1928లో సబర్మతి ఆశ్రమంలో నయం కాని వ్యాధితో విలవిలలాడే లేగదూడకు గాంధీజీ సూదిమందుతో మరణం కలిగింపజేసినారు. దానిని గురించి గుజరాతీలో ‘పావకనీ జ్వాలా’ అనే వ్యాసం వ్రాసినారు. దేశమంత కోపించినది. దూడ అనుభవించవలసిన కర్మకు అడ్డుపడే హక్కు మనిషికి లేదన్నది సంప్రదాయవాదం. ఆత్మకు చావు లేదు గనుక దోషం లేదన్నది దానికి ఎదురుగా సులభంగా చెప్పగల వాదం. ఈ రెండు వాదాలలోను దూడ కనిపించదు. గాంధీజీ వ్యాసానికి బలం ఆ సులభమార్గంలో లేదు. ప్రక్క మార్చుకొనుటకైన శక్తి లేని దూడ నొప్పిని ఎదుట నిలిపి, దానికి తాను చేయగలిగినదేమని అడుగుటలో ఉన్నది. ఆయన నిర్ణయంతో ఏకీభవించని పాఠకుడు కూడా ఆ చూపును కాదనలేడు.

ఇరువది ఏండ్లకు, 1948 జూన్ 18న, తిరువణ్ణామలైలోని రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవు మరణించినది. 1926లో దూడగా వచ్చిన ఆ ఆవు తల నిమురుతూ చివరిక్షణాలలో రమణమహర్షి కూర్చున్నారు. సమాధి కట్టించి, దానిమీదికి తామే పద్యం వ్రాసి, లక్ష్మి విముక్తి పొందినదని చెప్పినారు. సూరి నాగమ్మగారు తెలుగులో వ్రాసిన ఆశ్రమలేఖలు ఆ ఆశ్రమజీవితాన్ని మనకు అందించినవి. పశువులను గురించి మాట్లాడునప్పుడు మహర్షి ‘అది’ అనక, మనుష్యులకు వాడే సర్వనామాలే వాడెడివారట. ఆడువారిని, పశువును, రాతిని ఒకే ‘అది’లో చేర్చిన మన తెలుగు వ్యాకరణానికి ఇది ఆలోచించదగిన పాఠం. ఇక్కడ కూడా భక్తులు ఊరకుండలేదు. మహర్షికి ఒకప్పుడు అన్నం పెట్టిన కీరైపాట్టి అనే వృద్ధురాలే లక్ష్మియై పుట్టినదని చెప్పుకొన్నారు. ఆ సమాధిప్రక్కనే లేడికి, కాకికి, కుక్కకు కూడా సమాధులున్నవి. వాటికి ఏ వృద్ధురాలి కథ తోడు చేయవలెను?

దీనినిబట్టి తేలునది ఇది. జంతువుకు ఆత్మ ఉన్నదని హిందూవిశ్వాసం ఏనాడో అంగీకరించినది. కొరత సిద్ధాంతంలో లేదు, చూపులో ఉన్నది. జంతువును గౌరవించవలసి వచ్చినప్పుడెల్ల దానిలో ఒక రాజును, ఒక దేవుని, ఒక బంధువును వెదకుట మన కథకులకు అలవాటైనది. నిజానికి సమత్వసిద్ధాంతం ఈ ఊతకోల నడుగదు. మన సాహిత్యంలో నిలువదగినవి ఆ ఊతకోల లేని ఘట్టాలే: తల్లికుక్క నిలదీత, లేడిపిల్ల దుఃఖం, ఏనుగు సందేహం, పస్తున్న కుక్క.

నిత్యతర్పణంలో గృహస్థుడు బ్రహ్మ మొదలు గడ్డిపరక వరకు సమస్తప్రాణులకు నీరు విడుచును. గయలో పశుపక్షికీటకయోనులలో ఉన్నవారికి సైతం పిండం పెట్టుదురు. గయాపిండం ఆ దేహాలలోని మన బంధువులకోసం. తర్పణజలం ఏ బంధుత్వమూ అడుగనిది. ఈ రెండింటిలో రెండవదే విశాలమైనది. డుమస్ తీరంలో మొరిగే కుక్కకు మన పితరులు కనిపింతురో లేదో, దానికి దాహం మాత్రం నిశ్చయంగా ఉన్నది.