కలుపుమందుకు కలుపు ఏదో తెలుసునా?

కలుపునాశనులను గురించి తరగతిలో చెప్పే పాఠంలోను, రైతులకు పంచే కరపత్రంలోను ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: ఈ రసాయనాలు పైరుకు హాని చేయక కలుపును మాత్రమే చంపుతాయని. ఈ వాక్యం వ్రాసిన విద్యార్థికి మార్కులు వస్తాయి. దీనినే నమ్ముకొన్న రైతుకు పంట రాకపోవచ్చును. ఇది పూర్తిగా అబద్ధమని నేననను. ఇందులో కర్త తప్పు. పైరును విడిచిపెట్టే పని రసాయనం చేయదు.

‘మందు’ అనే మాట కూడా ఈ భ్రమకు తోడ్పడింది. మందు పుచ్చుకొంటే జబ్బు పోయి మనిషి మిగిలినట్లు, కలుపుమందు చల్లితే కలుపు పోయి వరి మిగులుతుందని మనం పోల్చుకొంటాము. కాని కలుపు అనేది వృక్షశాస్త్రంలో ఒక జాతీ కాదు, ఒక కుటుంబమూ కాదు. మనకు అక్కరలేని చోట మొలిచిన ఏ మొక్కయినా కలుపే. కిందటి కోతలో రాలిన గింజ ఈ పంటలో మరొక రకం వరి నడుమ మొలిస్తే, అదీ కలుపే అవుతుంది. రైతుకు ఆ తేడా తెలుస్తుంది గాని, సీసాలోని ద్రవానికి తెలియదు.

మరి పైరు ఎట్లా బ్రతుకుతున్నది? రామచంద్రపురం నుండి ద్రాక్షారామం వైపు పోయినా, మండపేట వైపు పోయినా సార్వాలో కనిపించే వరిచేనునే ఉదాహరణగా తీసుకొందాము. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ ప్రాంతానికి కాలువ నీరు నిలకడగా అందింది. నిలిచిన నీరే ఇక్కడి మొదటి కలుపునాశని అనవచ్చును. నీటి అడుగున గాలి చాలక అనేక గడ్డిజాతుల గింజలు సరిగా మొలవవు. అట్లా దమ్ము చేసి ఊడ్చిన మడిలో మూడు నుండి ఐదు రోజుల లోపల బ్యూటాక్లోర్‌ను ఇసుకలో కలిపి పలుచని నీటిపై చల్లుతారు. అది బురద పైపొరలో నిలుస్తుంది. మొలకెత్తే గింజలోని లేత మొలకకు పొడవైన గొలుసులు గల కొవ్వు ఆమ్లాలు కావలెను. వాటి తయారీని ఈ రసాయనం ఆపివేస్తుంది. ఊద, తుంగ గింజలు ఎక్కువగా మొలిచేది ఆ పైపొరలోనే. వరినారు మాత్రం ఆకుమడిలో సుమారు ఇరవై ఐదు రోజులు పెరిగి వచ్చింది. దాని మొలకదశ ఎప్పుడో దాటిపోయింది. వేళ్లు విషపు పొరకు దిగువన పాతుకొంటాయి. అనగా, వరిని కాపాడినది చాలవరకు ఆకుమడిలో గడిచిన ఆ ఇరవై ఐదు రోజులు.

ఇప్పుడు ఆ ఇరవై ఐదు రోజులే చేజారుతున్నవి. కోనసీమ రైతులు 2011 సార్వాలో పంట విరామం పాటించినప్పుడు చెప్పిన కారణాలలో సాగుఖర్చు ఒకటి. ఊడ్పుకూలి, కలుపుకూలి ఆ ఖర్చులో భాగాలే. అందుచేత మండెకట్టిన విత్తనాన్ని నేరుగా దమ్ములో వెదజల్లే పద్ధతి, డ్రమ్ సీడరుతో వరుసలలో విత్తే పద్ధతి డెల్టాలో చోటుచేసుకొన్నవి. ఊడ్పుఖర్చు మిగిలిన మాట నిజం. అయితే ఇక్కడ వరీ, ఊదా ఒకే వారంలో, ఒకే పొరలో, ఒకే వయస్సుతో మొలుస్తాయి. కలుపునాశని అవసరం మునుపటికంటె పెరిగిన చోటనే వరికి దాని వలన అపాయమూ పెరిగింది. మన పాఠంలోని వాక్యానికి ఈ చిక్కును చెప్పే శక్తి లేదు.

శాస్త్రజ్ఞులు దీనికొక ఉపాయం చేశారు. బ్యూటాక్లోర్‌కు దగ్గరి చుట్టమైన ప్రెటిలాక్లోర్‌కు ఫెన్‌క్లోరిమ్ అనే రక్షకాన్ని జతచేశారు. విషాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థంతో ముడివేసి నిర్వీర్యం చేసే ఎంజైమును ఈ రక్షకం వరిలో చురుకెక్కిస్తుంది. రక్షకం ఉన్న సరుకూ, లేని సరుకూ రెండూ ప్రెటిలాక్లోరే. కనుక వెదజల్లిన చేనుకు ‘ప్రెటిలాక్లోర్ వేయండి’ అని మాత్రం చెప్పి ఊరుకొన్న సలహా సగం సలహాయే.

పాఠాలలో ఎక్కువగా కనిపించే మరొక ఉదాహరణ 2,4-డి. రెండవ ప్రపంచయుద్ధ కాలపు పరిశోధనలలో వెలువడి, 1945 నుండి అమ్మకానికి వచ్చిన ఈ రసాయనం, మొక్కలలోని ఆక్సిన్ అనే హార్మోనును అనుకరిస్తుంది. ఇది ద్విదళబీజాలను చంపుతుంది, ఏకదళబీజాలను చంపదు అని సూత్రం. కంఠస్థం చేయుటకు ఎంతో అనువైన సూత్రమే గాని, మన వరిచేలోనే అది నిలవదు. తుంగజాతులు ఏకదళబీజాలే, అయినా వాటిలో ఏకవార్షికాలు అనేకం దీనికి చస్తాయి. ఊద కూడా ఏకదళబీజమే. దానికి ఏమీ కాదు. వరికైనా అభయం కొద్దికాలమే. ఊడ్చిన ఇరవై ఐదు, ముప్పై రోజులకు, పిలకలు వేసే దశలో, వరి దీనిని తట్టుకొంటుంది. మరీ లేతదశలో పడితే ఆకులు ఉల్లికాడలవలె గొట్టాలుగా చుట్టుకొంటాయి. అంకురం పడిన తరువాత పడితే వెన్ను వికారమై తాలు పెరుగుతుంది. ఒకే మొక్క, ఒకే రసాయనం, తేదీ మాత్రమే వేరు.

రసాయన కారణంగానే వరి బ్రతికే సందర్భాలు లేకపోలేదు. 1960 ప్రాంతంలో వచ్చిన ప్రొపానిల్ ఊదను చంపి వరిని విడిచిపెట్టడం చూసి, వరి, ఊద రెండూ గడ్డిజాతులే కదా అని ఆశ్చర్యపడినవారున్నారు. వరి ఆకులో ఆరిల్ అసైలమిడేజ్ అనే ఎంజైము సమృద్ధిగా ఉండి ప్రొపానిల్‌ను త్వరగా ముక్కలు చేస్తుంది. ఊదలో అది చాల తక్కువ. కాని కొన్ని ఆర్గానోఫాస్ఫేటు, కార్బమేటు పురుగుమందులు ఆ ఎంజైమునే కట్టివేస్తాయి. వాటిని ప్రొపానిల్‌తో కలిపి గాని, కొద్దిరోజుల తేడాలో గాని చల్లితే వరి కూడా మాడిపోతుంది. వరణాత్మకత, అనగా ఎంపిక చేసే గుణం, సీసాలో లేదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం నాకు తెలియదు. కథ అంతటితో ఆగలేదు. ఏటేటా ప్రొపానిల్ వాడిన మధ్య అమెరికా పొలాలలో, ఆ ఎంజైము అధికంగా గల ఊద బయలుదేరింది. మన దేశంలో హర్యానా గోధుమ రైతులు 1990 తరువాతి ఏళ్లలో ఐసోప్రొట్యూరాన్‌కు లొంగని గడ్డిని ఇట్లాగే ఎదుర్కొన్నారు.

కరపత్రాలపై నాకు మరొక ఫిర్యాదు ఉన్నది. ఎకరాకు ఇన్ని మిల్లీలీటర్లు అని వ్రాస్తారు గాని, అందులో అసలు పదార్థమెంతో చెప్పరు. గణితం ఉపాధ్యాయులు దీనిని సంతోషంగా వాడుకోవచ్చును. 50 శాతం బ్యూటాక్లోర్ లీటరు వేస్తే ఎకరాకు అసలు పదార్థం సుమారు 500 గ్రాములు. 10 శాతం బిస్పైరిబాక్ సోడియం 100 మిల్లీలీటర్లు వేస్తే కేవలం 10 గ్రాములు. ఎకరాకు 4,047 చదరపు మీటర్ల లెక్కన మీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు! మొక్క తనకు కావలసిన కొన్ని ఎమైనో ఆమ్లాలను తయారుచేసుకొనే ఒక ఎంజైమును ఇది పట్టివేస్తుంది గనుక ఇంత స్వల్పం చాలుతుంది. కాబట్టి ‘మరికొంచెం వేస్తే మంచిదే’ అని ఒక మూత ఎక్కువ పోసే అలవాటు బ్యూటాక్లోర్ దగ్గర చేసే తేడా వేరు, ఇక్కడ చేసే తేడా వేరు.

ఇట్లా విమర్శించినంత మాత్రాన కలుపునాశనులు వద్దని నా వాదం కాదు. బురదలో పొద్దస్తమానం నడుము వంచి కలుపుతీసే స్త్రీల శ్రమను గట్టుమీద నిలబడి పొగడటం తేలిక. ఆ శ్రమ తగ్గడం మంచిదే. ఆ కూలి పోయిన ఇంటికి మరొక పని దొరికినదా అనేది వేరే ప్రశ్న, అదీ అడగవలసినదే. కాని వారితోపాటు పొలం నుండి వెళ్లిపోతున్న ఒక విద్య ఉన్నది. రెండు మూడు ఆకుల ఊదనూ, వరినీ వారు చూపుతోనే వేరుచేయగలరు. బిస్పైరిబాక్ చల్లవలసినది సరిగా ఆ దశలోనే. ముదిరిన ఊద మీద అది అంతగా పనిచేయదు.

ఆ గుర్తును బడిలో నేర్పడం కష్టమేమీ కాదు. వరి ఆకును కాండం నుండి మెల్లగా వెనుకకు వంచితే, ఆకూ దాని తొడుగూ కలిసే చోట నాలుకవంటి తెల్లని పలుచని పొర, దానికి రెండు పక్కల నూగు గల చిన్న కొక్కేలు కనిపిస్తాయి. ఊదలో ఆ పొర లేదు, కొక్కేలు లేవు. ఆ చోటు నున్నగా ఉంటుంది. ఊడ్పులయిన పదిహేనవ రోజున బడి పక్క చేలో నాలుగేసి మొక్కలు అడిగి తెచ్చి, ఒక చేతి భూతద్దం ఇస్తే ఎనిమిదవ తరగతి పిల్లలు పది నిమిషాలలో పోల్చుకొంటారు.