పేరు లేని ఎర్ర జెర్సీ

1984 మే 30, రోమ్‌లోని ఒలింపికో స్టేడియం. సొంత ఊళ్లో ఆడుతున్న రోమా జట్టును యూరోపియన్ కప్ ఫైనల్లో లివర్‌పూల్ పెనాల్టీల మీద ఓడించింది. గోల్ గీత మీద కాళ్లు వణుకుతున్నట్టు నటించి ప్రత్యర్థిని తికమక పెట్టిన గోల్‌కీపర్ బ్రూస్ గ్రోబెలార్, చివరి పెనాల్టీ కొట్టిన అలన్ కెనడీ లివర్‌పూల్ అభిమానులకు నేటికీ గుర్తే. పాత జెర్సీలు సేకరించేవాళ్లు మాత్రం ఆ ఫొటోల్లో ముందుగా ఛాతీ వంక చూస్తారు. ఎర్ర బట్ట, దాని మీద సన్నని తెల్ల గీతలు, ఎడమవైపు క్లబ్ చిహ్నమైన లివర్ పక్షి. నడుమ జాగా ఖాళీ. అదే సీజన్లో ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లలో అక్కడ ‘క్రౌన్ పెయింట్స్’ అనే పేరు కనిపించేది. యూరప్ ఫైనల్స్‌లో అప్పట్లో స్పాన్సర్ పేరు వేసుకోనిచ్చేవారు కాదు.

లివర్‌పూల్ జెర్సీ మీద ఏం లేదో చెప్పగలిగితే, అది ఎప్పటిదో, ఎక్కడ ఆడిందో సగం చెప్పినట్టే. ఈ సేకరణలో ఇంత ఆకట్టుకునే సంగతి మరొకటి లేదు.

ఖాళీ ఛాతీకి ధర ఎక్కువ కాబట్టి మోసమూ అక్కడే జరుగుతుంది. మామూలు లీగ్ జెర్సీ మీది అక్షరాలు ఊడబీకి ఫైనల్ జెర్సీ అని అంటగట్టేవాళ్లుంటారు. అనుభవం ఉన్నవాళ్లు ముందు జెర్సీని తిరగేసి వెలుతురుకు పట్టి చూస్తారు. వేడితో అతికించిన అక్షరాలు ఊడినా వాటి జిగురు పలుచగా మిగిలిపోతుంది. చుట్టూ బట్ట ఉతుకులకు వెలిసిపోతే, అక్షరాలు కప్పిన చోట ఎరుపు ముదురుగానే ఉండి పేరు నీడలా బయటపడుతుంది. ఇక గీతల జెర్సీ అయితే మరో ఆధారం కూడా దొరుకుతుంది. చంక కుట్టు దగ్గర తెల్ల గీత ఎక్కడ తెగింది, పక్షి బొమ్మ ఏ రెండు గీతల మధ్య పడింది అన్నది ఏ రెండు జెర్సీలకూ అచ్చంగా ఒకేలా ఉండదు. మ్యాచ్ నాటి ఫొటోను పెద్దది చేసి, పక్కన పెట్టుకుని, గీత గీతా సరిచూస్తారు. గంటలు పట్టే పని, కళ్లు లాగే పని. కానీ గీత గీతకీ కలిసిందా, ఇక ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

రోమ్ ఫైనల్ మరుసటి ఏడు బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో ఆడిన ఫైనల్లోనూ ఛాతీ ఖాళీయే. ఆ సాయంత్రం అక్కడ 39 మంది ప్రాణాలు పోయాయి. ఆ జెర్సీని అరుదైన సరుకుగా చూపించి బేరం పెంచడం ఈ కాలమిస్టుకు మింగుడుపడదు. దాని చోటు మ్యూజియంలో.

1992 నుంచి 2010 దాకా లివర్‌పూల్ ఛాతీ మీద కార్ల్స్‌బర్గ్ బీరు పేరు ఉంది. ఆ కాలంలోనూ ఖాళీ జెర్సీలు ఉన్నాయి, కారణం మాత్రం వేరు. ఫ్రాన్స్‌లో 1991 నాటి ఎవాన్ చట్టం క్రీడల్లో మద్యం ప్రచారాన్ని అడ్డుకుంటుంది. అందుకే అక్కడికి ఆడటానికి వెళ్లినప్పుడు ఆ పేరు తీసేసిన జెర్సీలు వేసుకునేవారు. తర్వాతి ఏళ్లలో పిల్లల సైజుల మీదా బీరు పేరు వేయడం మానేశారు. పెద్దల జెర్సీ కోసం వెతికేవాళ్లు పిల్లలదాన్ని చూసి ఫ్రాన్స్‌లో ఆడింది దొరికిందని సంబరపడకుండా, ముందు మెడ దగ్గర సైజు చీటీ చూసుకోవాలి.

మెడ వెనక భాగం కూడా చదవాల్సిందే. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో ప్రాణాలు పోగొట్టుకున్న అభిమానుల స్మృతికి గుర్తుగా 1993లో క్లబ్ చిహ్నానికి రెండు జ్వాలలు చేర్చారు. 2012లో ఛాతీ మీద పక్షి ఒక్కటే మిగిలి, జ్వాలలు మెడ వెనక్కి, మృతుల సంఖ్యను తెలిపే 96 అంకెకు ఇరుపక్కలా చేరాయి. ఆనాటి గాయాలతో 32 ఏళ్లు బతికిన ఒక అభిమాని 2021లో కన్నుమూయడంతో, 2022–23 సీజన్ జెర్సీల మీద అది 97 అయింది. అడిడాస్, రీబాక్, వారియర్, న్యూ బ్యాలెన్స్, నైకీ అంటూ తయారీదారుల పేర్లు వల్లెవేసే సేకరణకర్తలు ఈ అంకెను కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

అన్నిటికంటే తిప్పలు పెట్టేది స్పాన్సర్‌గా హిటాచీ పేరున్న జెర్సీ. స్పాన్సర్ పేరు వేసుకోవడమే ఇంగ్లండ్‌లో ఒకప్పుడు పెద్ద తగాదా. 1976లో కెటరింగ్ టౌన్ అనే చిన్న క్లబ్ ‘కెటరింగ్ టైర్స్’ అని రాసుకుని మైదానంలోకి దిగితే, తీసేయమని ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆదేశించింది. క్లబ్‌ను నడుపుతున్న డెరెక్ డూగన్ ‘టైర్స్’లో మొదటి అక్షరం ఒక్కటే ఉంచి, అది ‘టౌన్’ కోసమేనని వాదించాడు. ఆ వాదన చెల్లలేదు కానీ మరుసటి ఏడే అసోసియేషన్ మెత్తబడింది. 1979లో లివర్‌పూల్ హిటాచీతో ఒప్పందం చేసుకుని, మొదటి డివిజన్ క్లబ్బుల్లో స్పాన్సర్‌ను తెచ్చుకున్న తొలి క్లబ్ అయింది.

టీవీ సంస్థలు మాత్రం ససేమిరా అన్నాయి. ఛాతీ మీద ప్రకటన ఉంటే మ్యాచ్ చూపించబోమన్నాయి. 1983 దాకా ఇదే వరస. దాంతో లివర్‌పూల్ కెమెరాలు వచ్చే రోజుకు పేరు లేని జెర్సీ, రాని రోజుకు హిటాచీ జెర్సీ వాడింది. ఫలితంగా డాల్గ్లీష్, సౌనెస్ ఆడిన ఆ సీజన్ల టీవీ రీళ్లు ఎన్ని తిరగేసినా హిటాచీ జెర్సీని సరిచూసుకునే దారి దొరకదు. మైదానం అంచున కూర్చున్న పత్రికా ఫొటోగ్రాఫర్లు తీసిన బొమ్మలే దిక్కు. అందుకే హిటాచీ జెర్సీ దొరికినవాళ్లు బట్టతో ఆగరు. ఆనాటి మ్యాచ్ ప్రోగ్రామ్ పుస్తకాలు, సోమవారం పేపర్ల క్రీడా పుటలు, ఫొటో ఏజెన్సీల పాత నెగెటివ్‌లు కూడా వెతికి కొనడం మొదలుపెడతారు.