అడిగినంతే చెప్పిన ఉత్తరం

మొత్తం ఒకటిన్నర పేజీ. దోహా నుంచి హైదరాబాద్‌లోని ఆదాయపు పన్ను శాఖ అంతర్జాతీయ పన్నుల విభాగానికి వెళ్లిన జవాబు. రాసినాయన ముషైరిబ్ దగ్గర ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంటు, కోనసీమ మనిషి. ఇక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు కాబట్టి గురువారం రాత్రి తెలిసినవాళ్లు కాగితాల సంచీతో ఆయన దగ్గరికి వస్తారు. ఫీజు లేదు. కరక్ చాయ్ డబ్బులు మాత్రం వచ్చినవాడే ఇవ్వాలి. సంతకం పన్ను కట్టేవాడిది, రాత ఈయనది. పేర్లు, అంకెలు, తేదీలు మార్చి ఆ జవాబును ఇక్కడ విప్పి చూపిస్తాను. ఇలాంటి పనితనానికి ఎవరూ శాలువా కప్పరు. బాగా కుదిరితే ఆ ఉత్తరం ఊసే మళ్లీ రాదు.

ముషైరిబ్ అంటే ఇప్పుడు మెట్రో మూడు లైన్లూ కలిసే స్టేషను, ట్రామ్, నీడ పడేలా దగ్గరదగ్గరగా కట్టిన భవనాలు. పాతపేటను తీసేసి 31 హెక్టార్లలో లేపిన కొత్త దోహా. ఇక్కడ సంపాదించే జీతం మీద ఖతార్ ఆదాయపు పన్ను వేయదు. అందుకే మనవాళ్లకు పన్ను ఉత్తరం వస్తే అది ఇంటివైపు నుంచే వస్తుంది.

ఈసారి వచ్చింది కరీంనగర్ ఇంజనీరుకి. ఊళ్లో దుకాణాల మీద ఖర్చులు, మినహాయింపులు పోను ఏడాదికి 11 లక్షల అద్దె ఆదాయం. ప్రవాసులు ఇండియాలో ఉంచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో డిపాజిట్ల మీద 2 లక్షల వడ్డీ. పాత పన్ను విధానం ప్రకారం 10 లక్షలు దాటిన ఆదాయానికి 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. అంటే ఆ వడ్డీకి 62,400 రూపాయలు కట్టాలి. కానీ భారత్, ఖతార్‌ల మధ్య 1999లో సంతకమైన ద్వంద్వ పన్నుల ఒప్పందంలో, 11వ అధికరణం వడ్డీ మీద పన్నుకు 10 శాతం హద్దు పెట్టింది. దాని ప్రకారం 20,000 చాలు. రిటర్నులో అలాగే వేశాడు. తేడా 42,400. ఆ రేటు కోరేవాళ్లు ఆన్‌లైన్‌లో ఇవ్వాల్సిన ఫారం 10ఎఫ్ మాత్రం దాఖలు చేయలేదు. ఆ ఫారం ఏదీ అని సెక్షన్ 142(1) కింద నోటీసు వచ్చింది. ఇక్కడ నేను చెప్పే సెక్షన్లన్నీ 1961 చట్టానివి. పాత సంవత్సరాల లెక్క వాటితోనే నడుస్తుంది.

ఇంజనీరు తానే ఒక జవాబు రాసుకుని వచ్చాడు, నాలుగు పేజీలు. పన్నెండేళ్ల గల్ఫ్ జీవితం, నాన్న ఆపరేషను, ఏనాడూ పన్ను ఎగ్గొట్టలేదన్న ప్రమాణం, చివర రెండు వాక్యాల్లో ఫారం సంగతి. అకౌంటెంటు మొదటి మూడు పేజీలూ తిరగేసి పక్కన పెట్టాడు.

"గిదంత తీసేస్తే నా బాధ ఆఫీసర్‌కు ఎట్ల తెలుస్తదన్నా?"

"తమ్ముడూ, ఆయన మన మంచితనం అడగలేదు. కాగితం అడిగాడు."

ఆ తర్వాత ఆయన చేసిన మొదటి పని రాయడం కాదు. నోటీసు మీద ఉన్న డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరును, అందరూ డిన్ అంటారు, ఆదాయపు పన్ను పోర్టల్‌లో కొట్టి చూశాడు. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి నోటీసుకూ ఆ నంబరు ఉండాలి. సరైన కారణం చూపకుండా నంబరు లేని నోటీసు పంపితే అది అసలు పంపనట్టే లెక్క. పన్ను శాఖ పేరుతో దొంగ మెయిళ్లు తిరుగుతున్న ఈ రోజుల్లో ఈ అర నిమిషం దాటేసి జవాబుకు కూర్చునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఇక ఉత్తరం. పై భాగంలో పాన్, అసెస్‌మెంట్ సంవత్సరం, సెక్షన్, డిన్, నోటీసు తేదీ, జవాబుకు ఇచ్చిన గడువు ఉన్నాయి. "విషయం" దగ్గర ఒకే వాక్యం: ఫారం 10ఎఫ్ సమర్పించుట గురించి. వివరణ అనలేదు, విన్నపం అనలేదు. ఫైలు తెరిచిన గుమాస్తాకు కూడా ఇది ఏ ప్రశ్నకు జవాబో మొదటి వరసలోనే తెలిసిపోతుంది.

మొదటి పేరా అతను ఆ సంవత్సరం ప్రవాసి అని చెప్పడానికి. మామూలుగా అందరూ "నేను ఎన్‌ఆర్‌ఐని" అని రాసి ఊరుకుంటారు. ఈయన ఒక చిన్న పట్టీ వేశాడు. ఇండియాకు వచ్చిన తేదీ, తిరిగి వెళ్లిన తేదీ, రోజులు, ఏ ఆధారం, అనుబంధంలో ఎన్నో పేజీ. హమద్ విమానాశ్రయంలో ఈ-గేటు గుండా వెళ్తే పాస్‌పోర్టు మీద ముద్ర పడదు కాబట్టి, ఆధారం గడిలో ఖతార్ ముద్రల ప్రసక్తే లేదు. శంషాబాద్ ముద్రలు, అవి సరిగా కనపడని చోట విమాన టికెట్లు. వచ్చిన రోజునూ వెళ్లిన రోజునూ లెక్కలో వేయాలా వద్దా అన్నది పన్ను నిపుణులు ఎప్పటినుంచో వాదించుకునే సంగతి. ఈయన రెండూ కలిపేశాడు. కలిపినా 41 రోజులే. తనకు నష్టమొచ్చే పద్ధతిలో లెక్కేసినా నెగ్గుతున్నప్పుడు వాదం జోలికి పోకపోవడం నాకు చాలా నచ్చింది. అడంగల్ రాసే కరణంలా ఒక వరసకు ఒక్క సంగతి, దాని పక్కనే దాని ఆధారం.

రెండో పేరా ఒప్పందం గురించి. ఇక్కడ పొరపాటుకు చక్కగా తావుంది. 2025 ఫిబ్రవరి 18న, ఖతార్ అమీర్ ఢిల్లీ వచ్చినప్పుడు, రెండు దేశాలూ సవరించిన ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పత్రికల్లో వచ్చిన వార్త అదే కాబట్టి కొందరు ఏ సంవత్సరానికైనా దాన్నే ఉదహరిస్తున్నారు. ఈ నోటీసు 2023-24 ఆర్థిక సంవత్సరపు ఆదాయం గురించి, కనుక పాత ఒప్పందమే వర్తిస్తుంది. ఉత్తరంలో దాని పేరు, అధికరణం, చట్టం కంటే ఒప్పందం లాభమైతే దాన్నే వర్తింపజేసే సెక్షన్ 90(2), వడ్డీ మొత్తం, రేటు. అంతే.

నా దృష్టిలో ఈ ఉత్తరంలో అసలైన పనితనం నివాస ధ్రువపత్రాల దగ్గర ఉంది. ఒప్పందం లాభం కావాలంటే అవతలి దేశం ఇచ్చిన పన్ను నివాస ధ్రువపత్రం ఉండాలని సెక్షన్ 90(4) అంటుంది. ఖతార్‌లో అది ఇచ్చేది 2018లో ఏర్పడిన జనరల్ ట్యాక్స్ అథారిటీ. ఇంజనీరు చేతిలో 2023 క్యాలెండర్ సంవత్సరపు పత్రం ఉంది. మన ఆర్థిక సంవత్సరమేమో ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. 2024 జనవరి నుంచి మార్చి వరకు మూడు నెలలు గాల్లో ఉన్నాయి. అధికారి కన్ను మొదట పడేది అక్కడే. అకౌంటెంటు 2024 పత్రం కూడా తెప్పించి, రెండింటినీ అనుబంధం 2లో వరసగా పెట్టి, "ఈ రెండూ కలిపి ఆర్థిక సంవత్సరం మొత్తానికి సరిపోతాయి" అని రాయించాడు. ఆ రెండో పత్రం కోసమే జవాబు ఆలస్యమైంది. ఆలస్యానికి గడువు పొడిగించమని ముందే పోర్టల్‌లో అడిగి పెట్టాడు.

ఫారం 10ఎఫ్‌లో నిజానికి పెద్దగా ఏమీ ఉండదు. వ్యక్తా కంపెనీయా, ఏ దేశస్థుడు, అక్కడి పన్ను గుర్తింపు సంఖ్య, ధ్రువపత్రం ఏ కాలానికి వర్తిస్తుంది, అక్కడి చిరునామా. జీతగాళ్లకు సాధారణంగా ఖతార్ పన్ను సంఖ్య ఉండదు. చాలామంది ఆ గడి దగ్గర చిక్కుకుని ఫారమే వదిలేస్తారు. అలాంటప్పుడు ఆ దేశ ప్రభుత్వం మనిషిని గుర్తించే సంఖ్య ఇవ్వొచ్చని నిబంధనలోనే ఉంది. ఇక్కడ అందరి జేబులోనూ ఉండే ఖతార్ ఐడీ మీది 11 అంకెలు.

మూడో పేరాలో తప్పు ఒప్పుకోవాలి. అది ఒక్క వాక్యం: ఫారం 10ఎఫ్ రిటర్నుతో పాటు దాఖలు కాలేదు, ఫలానా తేదీన దాఖలైంది, రసీదు సంఖ్య ఇది. ఎందుకు కాలేదో లేదు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది, తొందరలో చదివితే కంటికి ఆనదు. ఫారంలో అడిగే వివరాలు ధ్రువపత్రంలోనే ఉంటే వాటిని మళ్లీ ఇవ్వనక్కర్లేదని రూల్ 21ఏబీ చెబుతుంది. "పై దాఖలుకు భంగం కలగకుండా, ఈ వివరాలు అనుబంధం 2లో కూడా ఉన్నవి" అని రాశాడు. ఆలస్యమైన ఫారాన్ని అధికారి తోసిపుచ్చినా నిలబడడానికి రెండో కాలు అన్నమాట. గొంతు పెంచకుండానే పెట్టాడు.

తీర్పులు ఒక్కటీ ఉదహరించలేదు. ఇక్కడ మాత్రం నాది వేరే మాట. విదేశీ పన్ను జమ కోసం ఇచ్చే ఫారం 67 ఆలస్యమైతే హక్కు పోతుందని విశాఖపట్నం అప్పీలు ట్రిబ్యునల్ 2022లో అంది. బెంగళూరు బెంచీ తీర్పులు అందుకు విరుద్ధంగా వచ్చాయి. మద్రాసు హైకోర్టు 2023లో పన్ను కట్టేవాడి పక్షాన నిలిచింది. ఆ హైకోర్టు తీర్పునైనా ఒక వరసలో పెట్టి ఉండాల్సింది అన్నాను. "అది వేరే ఫారం, వేరే రూలు. మనం ఒక తీర్పు చూపిస్తే ఆయన విశాఖది చూపిస్తాడు. గొడవ లేని చోట మనమే మొదలెట్టడం ఎందుకండీ?" అన్నాడాయన. నాకు పూర్తిగా సమాధానం కాలేదు గానీ ఆ పట్టుదల నచ్చింది.

అనుబంధాల ఫైళ్లకు పేర్లు పెట్టడంలోనూ ఆయనకో పద్ధతి ఉంది. స్కాన్ చేసిన పేజీ ఏదీ తలకిందులుగా ఉండదు, ఫైలు పేరు చూస్తే లోపల ఏముందో తెలుస్తుంది. దాఖలు చేసే వేళ కూడా ఆయనే చెబుతాడు. ఇండియాలో అర్ధరాత్రి అంటే దోహాలో రాత్రి తొమ్మిదిన్నర. ఇక్కడ ఇంకా గడువు రోజే అనుకుని పదింటికి కూర్చున్నవాడికి అక్కడ తేదీ మారిపోయి ఉంటుంది. దానికి తోడు ఇంజనీరు పోర్టల్‌లో ఇచ్చిన ఫోను కరీంనగర్‌లో బావమరిది దగ్గరుంది. ఓటీపీ కోసం ఆయన్ని నిద్ర లేపడం ఇష్టంలేక మధ్యాహ్నమే పని ముగించారు.

ఉత్తరం చివర కృతజ్ఞతలు లేవు. ఈ వివరణ అంగీకరించని పక్షంలో, నిర్ణయానికి ముందు తన వాదన వినిపించే అవకాశం ఇవ్వాలన్న వాక్యం ఉంది. ఇంజనీరు దాన్ని కొట్టేయమన్నాడు, ఆఫీసర్‌కు కోపం వస్తుందేమోనని. అకౌంటెంటు ఒప్పుకోలేదు. అడిగినా వినకుండా ఆర్డరు వేస్తే, ఆర్డరు అందిన 30 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లేటప్పుడు మొదటి కారణంగా రాసుకునేది ఆ వాక్యాన్నే.