కోపెన్‌హేగను నగరము: ఒక రుచి విమర్శ

విదేశ నగరమును చూచి వచ్చినవారి వ్యాసములలో రాజభవనములుండును, విగ్రహములుండును. వీధి యుండదు, నాలుకకు తగిలిన రుచి యుండదు. ఈ లోపమును ఇతరులయందు ఎత్తిచూపుట మాకు చిరకాలపు అలవాటు. కనుక మా అమ్మాయి కాపురమున్న డెన్మార్కు రాజధానికి పోయినప్పుడు సైకిలును, మిఠాయి దుకాణమును రెండు కొలతలుగా పెట్టుకొని ఆ ఊరిని పరీక్షించితిమి. తంజావూరులో ముప్పది రెండేండ్లు సైకిలుపై కచేరీకి పోయివచ్చిన గుమాస్తాకు ఆ మాత్రము అధికారము కలదని పాఠకులు ఒప్పుకొందురు గాక.

మొదట సైకిలు. కోపెన్‌హేగనులో అది బీదవాని బండి కాదు. కాలిబాటకును మోటారు దారికిని నడుమ, కొంచెము ఎత్తుగా, సైకిళ్ళకు వేరు బాట కలదు. తల్లులు ముందున్న పెట్టెలో బిడ్డలను కూర్చుండబెట్టుకొని తొక్కుచుందురు. 2014లో రేవు నీటిమీదుగా నారింజవన్నె బాటతో ‘సైకిలు పాము’ అను వంతెన కట్టిరి. 2016లో నూహౌను నుండి ఆవలిగట్టునకు నడచువారికిని సైకిళ్ళకును మాత్రమే మరియొకటి తెరచిరి. అక్కడ నడక కుడిప్రక్క. ఎడమకు తిరుగవలెనన్న ఎదుటి మూలవరకు నేరుగా పోయి, ఆగి, అటుపిమ్మట తిరుగవలెను. మొదటినాడు మేము మన ఊరి అలవాటున అడ్డముగా తిరిగితిమి. వెనుక పది గంటలు ఒక్కసారి మ్రోగెను. ఎవరును తిట్టలేదు, ఆ గంటలే చాలినవి.

ఈ బాట గుణము దాని సాఫీతనము, దోషమును అదియే. ఆ ప్రవాహమున ఆగి చూచువానికి చోటు లేదు. చేయి పైకెత్తి, సంజ్ఞచేసి, ప్రక్కకు దిగవలెను. మేము దిగిన చోటులన్నియు మిఠాయి దుకాణముల ముంగిళ్ళే.

ఇక మిఠాయి. పులిసిన పిండిని వెన్నతో మూడేసి మడతలుగా మూడుమార్లు మడిచి, వత్తి, 27 పొరలుచేసి కాల్తురు. మన మడతకాజాకు దూరపు చుట్టము. కాని కాజా పొరలలో పాకము నిలుచును, దీని పొరలలో గాలి నిలుచును. కాజా నాలుగు దినములున్నను చెడదు. ఇది ఉదయము కొన్నది సాయంకాలమునకు మెత్తబడును. దాల్చినచెక్క వేసి నత్తవలె చుట్టినదానికి మేము మొదటి స్థానమిత్తుము. పంచదార పూత దట్టించినదానికి ఇయ్యము. 1870లో వెలసిన లా గ్లాస్ దుకాణములోని మీగడ కేకు నలుగురు పంచుకొనదగినదే కాని ఒక్కడు తినదగినది కాదు. గ్రుడ్డు తగులని వస్తువు అరుదు. నిష్ఠాపరులు ముందే అడుగవలెను.

లోకమంతయు ‘డేనిష్’ అను ఈ పొరల మిఠాయిని డేనులు ‘వియన్నా రొట్టె’ అందురు. 1850 ప్రాంతమున రొట్టెపనివారు సమ్మె కట్టగా యజమానులు ఆస్ట్రియా పనివారిని రప్పించిరనియు, వారి చేతివిద్య అచ్చట నిలిచినదనియు చెప్పుదురు. ఆస్ట్రియాలోనో, దానికి కోపెన్‌హేగను పేరు! ఉన్న ఊరిలోను పరదేశియే, వచ్చిన ఊరిలోను పరదేశియే.

ఈ మాట చదువునప్పుడు మన సోదరులకు నవ్వురాదు. ఇచ్చట మనలను వడుగరందురు. చుట్టముల పెండ్లికి గుంటూరు పోయిన, మన యాస విని అరవవారందురు. ఆ మాట మాకు చాలాకాలము ముల్లువలె గ్రుచ్చుకొన్నది. కాని బొబ్బట్టును కన్నడిగులు హోళిగె యన్నను, తమిళులు పోళి యన్నను, మహారాష్ట్రులు పురణపోళి యన్నను లోని పూర్ణము తీపి తగ్గినదా? ఆ దుకాణములో పొరలు విప్పుచు తినునప్పుడు ముల్లు కొంత సడలినది.

అయినను మా పద్ధతిని మేమే విమర్శింపవలెను. తెలుగున వాల్మీకి చరిత్రము రచించిన తంజావూరు రఘునాథనాయకుడు 1620లో డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియనునకు బంగారు రేకుపై తమిళమున లేఖ వ్రాయించి పంపెను. ఆ యేటనే తరంగంబాడిలో డేనుల వర్తకస్థానమేర్పడెను. 1845లో వారు దానిని ఆంగ్లేయుల కమ్మిరి. ఆ రేకు నేటికిని కోపెన్‌హేగనులోని జాతీయ పత్రభాండాగారమున కలదు. తంజావూరు వాసులమై యుండియు ఆ సంగతి మాకు ఇల్లు చేరిన పిదప గాని తెలియలేదు! సైకిలును నాలుకయు నేటి నగరమును చక్కగా చూపును. దాని జ్ఞాపకమును చూపలేవు. దానికి చదివి పోవలెను. మ్యూజియముల వ్యాసములను ఎగతాళి చేసిన మాకిది తగిన శాస్తి.

“మనమే ఊరివారము తాతయ్యా?” అని మా మనుమరాలు అచ్చట అడిగినప్పుడు మేము సరియైన బదులు చెప్పలేదు. ఇప్పుడు జాబు వ్రాసితిమి: సైకిలెక్కి పోయి, ఆ బంగారు రేకును చూడ వీలగునేమో అడిగి రమ్మని, తెలుగు రాజు తమిళమున వ్రాయించినదానిని డేనులు నాలుగు వందల యేండ్లుగా దాచియుంచిరని.