కోటగోడ, లాడ్జి రిజిస్టరు

డిసెంబరు వచ్చిందంటే నర్సీపట్నం లాడ్జీల్లో గది దొరకడం కష్టం. లంబసింగి మంచు చూడ్డానికి విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి, హైదరాబాదు నుంచి కూడా జనం కార్లేసుకుని వస్తారు. రాత్రికి మా ఊళ్ళో పడుకుని, తెల్లారకుండానే లేచి ఘాట్ ఎక్కుతారు. టీ తాగుతారు, ఫొటోలు దిగుతారు, వెళ్ళిపోతారు. ఆ దారి ఎవరు వేశారని వాళ్ళు అడగరు, వాళ్ళకి ఎవరూ చెప్పరు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు పోయే రోడ్డు మీద గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. 1922 తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో అదొకటి. తిరుగుబాటు అనగానే సీతారామరాజు విగ్రహం కళ్ళముందు కొస్తుంది. రోడ్డుకి రాళ్ళు కొట్టిన చేతులు రావు.

హైదరాబాదు గురించి రాయబోతూ లంబసింగితో ఎందుకు మొదలెట్టామంటే, ‘చూడదగ్గ స్థలం’ అనే మాట మాకు మొదట అనుమానం పుట్టించింది ఇక్కడే కాబట్టి.

ఈమధ్య మా పేటల నుంచి డిగ్రీ చదువుతున్న పిల్లల్ని తీసుకుని, పరిశోధక మిత్రులం ముగ్గురం, ఒక టీచరమ్మ, మొత్తం పదకొండుమందిమి హైదరాబాదు పాతబస్తీ చూడ్డానికి వెళ్ళాం. పిల్లల్లో ఎక్కువమందికి తుని స్టేషన్ దాటి వెళ్ళడం అదే మొదలు. బయల్దేరేటప్పుడు ఒక కుర్రాడి తల్లి మమ్మల్ని పక్కకి పిలిచి, “పట్నంలో ఎవులైనా అడిగితే ఊరిపేరు సెప్పండి నాయనా, పేటపేరు సెప్పకండి” అంది. మేం నవ్వాం. చదువుకున్నాం కదా!

రైల్లో పిల్లలకి చదివి వినిపిద్దామని ‘దర్శనీయ స్థలాల’ పుస్తకం ఒకటి కొన్నాం. ఇలాంటివి ఏ బస్టాండులోనైనా దొరుకుతాయి. అన్నిటి పద్ధతీ ఒకటే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాడు. నగరం చుట్టూ గోడని 18వ శతాబ్దం మొదట్లో మొగల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలెట్టాడు, 1740 ప్రాంతంలో మొదటి నిజాం పూర్తిచేశాడు. గోడకి దర్వాజాలు. ఇదీ వరస. ఒకడు మొదలెట్టాడు, ఇంకొకడు పూర్తిచేశాడు. మధ్యలో అన్నేళ్ళు గుట్టల్లోంచి రాయి ఎవరు తీశారు, సున్నం ఎవరు నూరారు, పునాది మట్టి ఎవరు తవ్వారు? తోలు బొక్కెన లేకుండా ఆ పనికి నీళ్ళెలా వచ్చాయి? బొక్కెన కుట్టిందెవరు? ‘కట్టించాడు’ అనే క్రియలో ఆ ‘ఇంచు’ చాలా పనిచేస్తుంది. కట్టినవాణ్ణి మింగేసి కట్టించినవాణ్ణి మిగులుస్తుంది. తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థకం అంటే ఏమిటని పరీక్షలో అడిగితే మన పిల్లలు ఈ ఉదాహరణే రాయొచ్చు.

చోద్యమేమిటంటే ఇప్పుడు ఆ గోడ కూడా దాదాపు లేదు. 1908 సెప్టెంబరు మూసీ వరదలో కొంత పోయింది. తర్వాత రోడ్లు వెడల్పు చేస్తూ, పట్నం పెంచుతూ మిగతాది తీసేశారు. దర్వాజాల్లో దబీర్‌పురా, పురానాపూల్ నిలిచాయి. లాల్ దర్వాజా, అలియాబాద్, యాకుత్‌పురా లాంటివి మనుషుల నోట్లో పేర్లుగా బతుకుతున్నాయి. పుస్తకం మాత్రం లేని గోడ పొడవు గురించి ఒక పేరా రాస్తుంది. దాని మొదట్లో గుడిసెలేసుకున్న వాళ్ళ గురించి వాక్యం కూడా రాయదు.

గోడ పోయింది గానీ దర్వాజా పోలేదని మాకు ఆ సాయంత్రమే తెలిసింది. ముందురోజు ఫోన్లో ‘మూడు రూములున్నాయి, రండి’ అన్న లాడ్జి కౌంటర్లో మా ఆధార్ కార్డులు పెట్టాం. పెద్దాయన ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. పదకొండు కార్డుల్లో ఏడింటి మీద చిరునామాలో ‘ఎస్సీ కాలనీ’ అనో, ‘అంబేడ్కర్ కాలనీ’ అనో ఉంది. ఆయన కులం పేరు ఎత్తలేదు. మర్యాదగానే, “రూములు ఇప్పుడే నిండిపోయాయండీ” అన్నాడు. మేం బయట మెట్ల మీద నిలబడి ఎక్కడికెళ్ళాలా అని మాట్లాడుకుంటుండగానే ఇంకో కుటుంబం వచ్చి, తాళంచెవి తీసుకుని పైకి వెళ్ళింది. పేటపేరు చెప్పొద్దన్న తల్లి మాట మేం పాటించాం. కార్డు చెప్పేసింది. ఆ కుర్రాడు మావైపు చూడకుండా సంచీ భుజానికెత్తుకున్నాడు. ఆ రాత్రి తెలిసిన విద్యార్థుల హాస్టల్లో, వరండాలో పడుకున్నాం.

అంబేడ్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ని మేం అంతకుముందు ఎమ్.ఏ. క్లాసులో చదివాం. ఆ రాత్రి వరండాలో మళ్ళీ పిల్లలతో కలిసి చదివాం. అదీ ఒకరకంగా యాత్రా రచనే. బరోడాలో ఉద్యోగానికి వెళ్ళిన అంబేడ్కర్‌కి హిందూ హోటల్లో చోటు దొరకదు కాబట్టి పార్శీ సత్రంలో దొంగపేరుతో రిజిస్టరు రాయించుకుని దిగాల్సొచ్చింది. పదకొండోరోజు కర్రలు పట్టుకుని వచ్చి దింపేశారు. విదేశాల్లో పెద్దచదువు చదివొచ్చిన మనిషికి! ఆనాడు రిజిస్టర్లో పేరు మార్చి రాసుకునే వీలైనా ఉంది. ఇవాళ కార్డు మీద చిరునామా మార్చుకునేదాకా ఆ వీలు లేదు.

రెండో ఘట్టం పాత హైదరాబాదు సంస్థానానిదే. 1934లో అంబేడ్కర్ ఉద్యమ మిత్రులతో, సుమారు ముప్ఫైమంది, వేరూల్ బౌద్ధ గుహలు చూడ్డానికి బయల్దేరారు. దారిలో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట. అంటరాని యాత్రికుడికి ఎదురయ్యే ఇబ్బందులు తప్పించుకోవాలని కార్యక్రమం బయటికి చెప్పకుండానే వెళ్ళారు. (మా పేట తల్లి ఆ పుస్తకం చదవలేదు.) రంజాన్ నెల. కోట గుమ్మం ముందున్న నీళ్ళకుండంలో కొందరు దుమ్ము కడుక్కున్నారు. వెనకనుంచి ఒక ముసలాయన కుండం మైలపడిందని అరుస్తూ వచ్చాడు. జనం పోగై తిట్టారు. మేం ముసల్మానులమైతే అప్పుడూ ఆపుతారా అని అంబేడ్కర్ అడిగితే జవాబు రాలేదు. చివరికి కోటలోకి వదిలారు, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడ్డానికి ఆయుధం పట్టిన సిపాయిని వెంటపెట్టి మరీ. హిందువుకి అంటరానివాడు ముసల్మానుకీ అంటరానివాడే అన్నది ఆ ఘటన నుంచి ఆయన తీసిన సారం.

ఈ భాగాన్ని పట్టుకుని కొందరు ముస్లింల మీద రాళ్ళేయడానికి వాడుతున్నారు. వాళ్ళు బరోడా భాగాన్ని చదవరు. మరికొందరు లౌకికవాద మిత్రులేమో అసలు దీన్ని ఎత్తొద్దంటారు. మేం రెండువైపులా ఒప్పుకోం. పాతబస్తీలో ఇరానీ హోటల్ గురించి మా మాస్టార్లు చెప్పే మాట నిజమే. ‘బ్రాహ్మణ కాఫీ హోటల్’ బోర్డులు చూసిన కోస్తా మనిషికి, ఏ కులమని అడక్కుండా పాలరాయి బల్ల మీద కప్పు పెట్టి వెళ్ళిపోయే సర్వరు పెద్ద ఊరట. మర్నాడు మేమూ ఆ ఊరట పొందాం. చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకు తిన్నాం, పిల్లలు నవ్వారు కూడా. అయితే టీచరమ్మ ఒక మాటంది. “బల్ల దగ్గర కులం లేదు సరే, వెనక మురిక్కాలవ దగ్గర?” అని. పాకీపనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. ఆ పని ఇంకా ఎవరి చేతుల్లో ఉందో పాఠకులకి మేం చెప్పక్కర్లేదు.

మూడోరోజు మేం చూసింది ఆ పుస్తకంలో లేదు. చాదర్‌ఘాట్ వైపు, పాత గోడకి బయట, మూసీకి అవతల ఆది హిందూ భవన్. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డివర్మ (1888-1939) అయిన మనిషి పనిచేసిన చోటు. 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టి, మాల మాదిగ పిల్లలకి బళ్ళు తెరిచి, జోగిని దురాచారం మీద పోరాడినవాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం మనవాళ్ళని ‘ఆది హిందువులు’గా రాయడం వెనక ఆయన శ్రమ ఉంది. మన ఆంధ్ర ప్రాంతంతోనూ ఆయనకి బంధుత్వముంది. 1917లో బెజవాడ పంచమ మహాసభకి అధ్యక్షుడు ఆయనే. ‘పంచమ’ మాట వద్దు, మనం ఆది ఆంధ్రులం అని చెప్పిన సభ అది. ఆ సభ జరిగిన మూడురోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని చరిత్రకారులు రాశారు. బెజవాడలో చూడదగ్గ స్థలాల్లో గుడి ఉంటుంది, మూసిన తలుపు ఉండదు.

దారి అడిగితే ముగ్గురికి తెలీలేదు. నాలుగో మనిషి, ఒక పండ్లబండి ముసలమ్మ, చూపించింది. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, నిజమే చెప్పుకోవాలి. గైడు లేడు, టికెట్టు లేదు, మీనారు అసలే లేదు. అయినా పిల్లలు చార్మినార్ దగ్గర కంటే అక్కడ ఎక్కువసేపు నిలబడ్డారు. లాడ్జి దగ్గర నోరెత్తని కుర్రాడు, “ఈయన కూడా పేటోడేనా సార్?” అని అడిగాడు. అవునన్నాం. పుస్తకం చివరి అట్ట మీద ఆ చిరునామా రాసుకున్నాడు.

ఆ పుస్తకాల్లో భవన్ పేరు ఒక లైను చేర్చమని వినతిపత్రం ఇస్తే సరిపోతుందని మాలో ఒకరన్నారు. మాకలా అనిపించడం లేదు. రాజుల జాబితా అడుగున మనవాడొకణ్ణి కూచోబెడితే ‘కట్టించాడు’ వ్యాకరణం మారదు. పుస్తకం మనమే రాయాలి. మొదటి అధ్యాయం రాళ్ళు కొట్టినవాళ్ళతో, మన లంబసింగి రోడ్డుతో సహా.

ఇక లాడ్జి సంగతి. ఆ రాత్రి మేం గొడవ చెయ్యలేదు. ‘రుజువేముంది, ఆయన కులం అనలేదు కదా’ అనుకున్నాం. మా తప్పే. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల దగ్గర కులవివక్ష ఉండకూడదని రాజ్యాంగం 15(2) అధికరణ పేరుపెట్టి చెప్పింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో హోటళ్ళు, సత్రాలు, ముసాఫిర్‌ఖానాలు ఉన్నాయి. అదే చట్టం పన్నెండో సెక్షన్ ఇంకా ముఖ్యం. ఈ చట్టం కింద నేరమయ్యే పని షెడ్యూల్డు కులాల మనిషి పట్ల జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. పరిశోధన చేస్తున్న ముగ్గురం, మెట్ల మీద నిలబడి, ఇది గుర్తు తెచ్చుకోలేకపోయాం. విద్యార్థుల్ని యాత్రలకి తీసుకెళ్ళే టీచర్లు ఈసారి రైలు టికెట్లతోపాటు ఈ రెండు సెక్షన్ల కాపీ కూడా సంచిలో పెట్టుకోండి. గది లేదన్న లాడ్జి పేరు, టైము, తర్వాత ఎవరికి తాళంచెవి ఇచ్చారన్నది అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి.